అత్తమ్మ కొలతకు జపాను ప్రయాణం: నా అనుభవం

జపాను వెళ్లివచ్చినవారిని ఎవరిని కదిలించినా ఫుజి కొండ గురించి, బుల్లెట్ రైలు గురించి, వీధుల శుభ్రత గురించి చెబుతారు. మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టని డెబ్బై ఏళ్లు దాటిన మనిషి అక్కడ మధ్యాహ్నం పూట ఏం తింటుంది, మోకాళ్ల నొప్పులతో ఆ స్టేషన్లలో ఎలా ఎక్కి దిగుతుంది, రోజూ వేసుకునే మాత్రలను అక్కడి కస్టమ్స్ వారు రానిస్తారా అన్న ప్రశ్నలకు మాత్రం నల్లకుంటలోని మా ఇరుగుపొరుగులో గానీ, బంధువుల్లో గానీ సమాధానం చెప్పగలవారు దొరకలేదు. మా అత్తమ్మకు అది మొదటి విదేశీ ప్రయాణం. ఆ మాటకొస్తే మా వారికీ, నాకూ కూడా అదే మొదటిది. అందుకని ఏ ఊళ్లు చూడాలన్న చర్చను పక్కన పెట్టి, ముగ్గురిలో ఎవరికి ఇబ్బంది ఎక్కువో వారి కొలతకే ప్రయాణాన్ని కుట్టించుకోవాలని ముందే నిశ్చయించుకున్నాం. పాస్‌పోర్టులోని పేరు మొదలుకొని బస చేసే హోటల్ వరకు ప్రతిదీ ఆ ఒక్క నిర్ణయాన్ని బట్టే నడిచింది. పెద్దవారిని వెంటబెట్టుకొని మొదటిసారి జపాను వెళ్లాలనుకునే తెలుగువారికి ఆ వివరాలు పనికివస్తాయని ఇది రాస్తున్నాను.

ముందుగా నెల సంగతి. మన బడులకు వేసవి సెలవులు ఇచ్చేనాటికి జపానులో ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు దగ్గరదగ్గరగా సెలవులు వస్తాయి. దేశమంతా ప్రయాణాల మీదే ఉంటుంది కాబట్టి రైళ్లలో సీట్లు, హోటళ్లలో గదులు దొరకడం కష్టం. జూన్ మొదటి నుంచి జూలై మధ్య దాకా టోక్యో వైపు వానలు, ఆ తరువాత మచిలీపట్నం వారు కూడా బెంబేలెత్తే ఉక్కపోత, సెప్టెంబరులో తుపాన్లు. మార్చి చివర పూసే చెర్రీ పూలు అందంగానే ఉంటాయి గానీ ఆ రోజుల్లో హోటళ్ల ధరలు చూసి మేము ఆ ఆశ వదులుకున్నాం. ఆకులు ఎర్రబారే నవంబరును ఎంచుకోవడంలో మా ఉద్దేశం ఒక్కటే, ఎండకూ వానకూ వెరవకుండా అత్తమ్మ నాలుగు అడుగులు వేయగలగాలి. ఆ నెలలో గుర్తుంచుకోవలసిన సంగతి ఏమిటంటే, సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, చాలా గుళ్లు నాలుగు, అయిదు గంటల మధ్య మూసేస్తారు. మనవాళ్ల అలవాటు ప్రకారం పదింటికి తీరిగ్గా టిఫిను కానిచ్చి బయలుదేరితే చూడడానికి సగం రోజే మిగులుతుంది.

పాస్‌పోర్టు విషయంలో తెలుగువారి కష్టాలన్నీ ఇంటిపేరు దగ్గరే మొదలవుతాయి. అత్తమ్మ ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంది, బ్యాంకు పుస్తకంలో పూర్తిగా ఉంది, చదువుకున్ననాటి కాగితాల్లో పుట్టింటి పేరు ఉంది. దరఖాస్తు పెట్టకముందే ఆధార్‌లో ఇంటిపేరును పూర్తిగా రాయించి, ఆ తరువాతే పాస్‌పోర్టు సేవా కేంద్రంలో సమయం తీసుకున్నాం. ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, మొత్తం పేరును రెండో గడిలో రాసేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అటువంటి ఒంటి పేరు పాస్‌పోర్టుల మీద పర్యాటక వీసాతో వచ్చేవారిని అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించిందంటే ఆ ఖాళీ గడి ఎంత చిక్కు తెస్తుందో ఊహించవచ్చు. అరవై దాటినవారికి కొత్త పాస్‌పోర్టు రుసుములో పది శాతం తగ్గింపు ఉందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. విమానం టికెట్టు మీద, వీసా దరఖాస్తు మీద, హోటల్ బుకింగు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

వీసాకు జపాను రాయబార కార్యాలయానికి నేరుగా వెళ్లనక్కరలేదు. దరఖాస్తులను తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రం హైదరాబాదులోనే ఉంది. దరఖాస్తు, ఫోటో, ఏ రోజు ఏ ఊళ్లో ఉంటామో తెలిపే పట్టిక, విమానం, హోటళ్ల బుకింగులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను రిటర్నులు, వీటన్నిటినీ వివరించే లేఖ ముఖ్యమైనవి. సొంత ఆదాయం లేని అత్తమ్మ ఖర్చును కొడుకు భరిస్తున్నాడని చూపించాలి, వారిద్దరూ తల్లీ కొడుకులేనని కూడా చూపించాలి. మా వారి పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి పేరు ఉంటుంది కాబట్టి అదే చాలని అనుకున్నాం గానీ, పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పేరు చివర ఒక దానిలో ‘హెచ్’ అక్షరం ఉంది, రెండో దానిలో లేదు. ఇద్దరూ ఒకరేనని లేఖలో ఒక పేరా రాసి, మా వారి పదో తరగతి మెమో నకలును దానికి జతచేశాం. కౌంటరులో ఉన్న అమ్మాయి ఆ పేరా చదివి మారుమాట లేకుండా తీసుకుంది. కాగితాలను ఎవరైనా ప్రశ్నించేదాకా ఆగకుండా, తేడాను మనమే ముందుగా చెప్పేయడం మేలని నా అభిప్రాయం. రోజువారీ పట్టికను మాత్రం నిజంగా వెళ్లబోయే చోట్లతోనే రాయాలి. ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన పట్టికలో ఒకే రోజు టోక్యో, హిరోషిమా కనిపిస్తే చదివేవారికి అనుమానం రాక మానదు.

భారతీయ పర్యాటకులకు 2024 ఏప్రిల్ నుంచి జపాను ఈ-వీసా ఇస్తోంది. పాస్‌పోర్టులో స్టిక్కరు ఉండదు. వీసా మంజూరైన నోటీసును ఫోనులో, ఇంటర్నెట్ కలిపి ఉన్నప్పుడు, ఆ వెబ్‌సైటులోనే తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాటు, పీడీఎఫ్, ముద్రించిన కాగితం చెల్లవు. కాబట్టి శంషాబాదులో చెకిన్ కౌంటరు దగ్గరా, అక్కడ దిగగానే ఇమిగ్రేషన్ దగ్గరా ఫోనులో నెట్ పనిచేయాలి, బ్యాటరీ ఉండాలి. రోమింగు ప్యాకో, ఈ-సిమ్మో బయలుదేరడానికి ముందే వేయించుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ‘విజిట్ జపాన్ వెబ్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలను ఇంటి దగ్గరే నింపి పెట్టుకుంటే వచ్చే క్యూఆర్ కోడు వల్ల, అర్ధరాత్రి నిద్రలేని కళ్లతో ఫారాలు నింపే బాధ తప్పుతుంది.

హైదరాబాదు నుంచి టోక్యోకు నేరుగా విమానం లేదు. ఢిల్లీ, బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్, హాంకాంగ్ వంటి చోట మారాలి. చౌకగా వస్తున్నాయని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, మధ్యలో సామాను తీసుకొని, ఆ దేశపు ఇమిగ్రేషన్ దాటి, మళ్లీ చెకిన్ చేయవలసి రావచ్చు. అప్పుడు ఆ దేశపు వీసా నిబంధన కూడా మన నెత్తిన పడుతుంది. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా రెండో దానికి చేర్చే బాధ్యత విమాన సంస్థదే. అత్తమ్మకు వీల్‌చైర్ సాయం టికెట్టు కొన్నప్పుడే కోరాం. దానికి రుసుము లేదు. పైగా వెంట ఉన్నవారు కూడా ఆ వరుసలోనే వెళ్లిపోతారు. ‘నేను నడవలేనిదాన్నా’ అని ఆవిడ మొదట చిన్నబుచ్చుకున్నారు గానీ, మారవలసిన విమానాశ్రయంలో ఒక చివర నుంచి మరో చివరకు ఉన్న దూరం చూశాక మాట్లాడలేదు.

విమానంలో భోజనం గురించి ఒక హెచ్చరిక. టికెట్టు కొనేటప్పుడు కనిపించే ‘హిందూ మీల్’ అంటే శాకాహారం కాదు. గొడ్డుమాంసం, పంది మాంసం లేని భోజనం మాత్రమే, అందులో కోడి, చేప ఉండవచ్చు. మన శాకాహారులు ఎంచుకోవలసింది ‘ఏషియన్ వెజిటేరియన్’, దాని కోడు ఏవీఎంఎల్. పేరు చూసి మోసపోయేది మనవాళ్లే కాబట్టి ఇది పదిమందికీ చెప్పవలసిన సంగతి.

మందుల విషయంలో జపాను చాలా కఠినం. డాక్టరు రాసిచ్చిన మాత్రలను సొంత వాడకానికి ఒక నెలకు సరిపడా వరకు ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లవచ్చు. అంతకు మించితే ముందుగా అక్కడి ఆరోగ్య శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ పది శాతం మించి ఉంటే పూర్తిగా నిషేధం, చీటీ ఉన్నా చెల్లదు. కోడీన్ ఉన్న దగ్గుమందుల మీద కూడా పరిమితులు ఉన్నాయి. మన ఇళ్లలో ప్రయాణం అనగానే డబ్బా నిండా రకరకాల మాత్రలు సర్దేస్తాం. అత్తమ్మ డబ్బాలో పేరు చెరిగిపోయిన విడి మాత్రలు కూడా ఉన్నాయి. వాటన్నిటినీ ఇంట్లోనే వదిలి, బీపీకి, షుగరుకు, మోకాళ్లకు వాడేవి మాత్రం అసలు స్ట్రిప్పులతోనే పెట్టి, మందు అసలు పేరుతో ఇంగ్లీషులో మందుల చీటీ రాయించుకొని, చేతి సంచిలో ఉంచాం. పెద్ద సూట్‌కేసు ఒక రోజు ఆలస్యంగా వచ్చినా మాత్ర ఆగకూడదు కదా.

సామానులో తిండి ఏది పెట్టుకోవచ్చన్నది నేను ఎక్కువ సమయం వెచ్చించిన విషయం. మాంసంతో చేసినవేవీ జపానులోకి రానివ్వరు. తాజా పండ్లు, కూరగాయలు, ఆకులు కూడా ఎగుమతి దేశపు ధ్రువపత్రం లేకుండా కుదరవు, అంటే మన కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడికాయ అన్నీ ఇక్కడే వదలాలి. బియ్యానికి కూడా అదే నిబంధన. మేము పట్టుకెళ్లింది కందిపొడి, పులిహోర పేస్టు, నిమ్మకాయ ఊరగాయ, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా మిశ్రమం, వేయించి డబ్బాలో పెట్టిన చల్ల మిరపకాయలు. ఊరగాయను మూత బిగించిన సీసాలో పోసి, రెండు కవర్లలో చుట్టి, చెకిన్ సామానులోనే పెట్టాలి. చేతి సామానులో నూనె, ద్రవం 100 మిల్లీలీటర్లు దాటితే భద్రతా తనిఖీలో ఆపేస్తారు.

అన్నం వండుకోవడానికి ఇక్కడి చిన్న రైస్ కుక్కరును, ఎలక్ట్రిక్ కెటిల్‌ను తీసుకెళ్లమని సలహా ఇచ్చినవారు చాలామందే ఉన్నారు. ఆ సలహా వినవద్దు. జపానులో కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230. వేడి చేసే వస్తువు శక్తి వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి తగ్గుతుంది కాబట్టి, ఇక్కడ 1000 వాట్లు ఇచ్చే కెటిల్ అక్కడ దాదాపు 190 వాట్లే ఇస్తుంది. నీళ్లు మరగడానికి అయిదింతల సమయం పట్టినా ఆశ్చర్యం లేదు. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. అయితే అక్కడి ప్లగ్గుకు రెండు చదునైన పుల్లలే ఉంటాయి, మన గుండ్రని పుల్లలు పట్టవు. కోఠీలో దొరికే చిన్న అడాప్టర్లు రెండు కొనుక్కొని వెళితే చాలు. వేడినీళ్ల కెటిల్ చాలా హోటళ్లలో గదిలోనే ఉంటుంది.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. ఫోన్‌పే, గూగుల్ పే అలవాటైన చేతులకు జపాను కొంచెం వెనక్కి వెళ్లినట్టు అనిపిస్తుంది. గుళ్లలో టికెట్లకు, చిన్న హోటళ్లలో, పాత దుకాణాల్లో ఇప్పటికీ నగదే ఇవ్వాలి. మన బ్యాంకు కార్డులు రిజర్వు బ్యాంకు 2020 నియమం ప్రకారం దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి. బషీర్‌బాగ్‌లోని ఒక మనీ చేంజరు దగ్గర కొన్ని యెన్‌లు నోట్లుగా, మిగతావి ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బును ముందే నింపుకునే కార్డు) తీసుకున్నాం. అక్కడ సెవెన్-ఇలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలు విదేశీ కార్డులను తీసుకుంటాయి. కార్డు గీసినప్పుడు గానీ, ఏటీఎంలో గానీ ‘రూపాయల్లో కట్టాలా, యెన్‌లలో కట్టాలా’ అని అడిగితే యెన్‌లే ఎంచుకోవాలి. రూపాయలు అంటే వారి మారకం ధర మన మీద పడుతుంది. దుకాణంలో డబ్బును చేతికి ఇవ్వకుండా కౌంటరు మీద ఉన్న చిన్న పళ్లెంలో పెట్టాలి, చిల్లర కూడా అందులోనే తిరిగి వస్తుంది. టిప్పు ఇచ్చే ఆచారం లేదు. బల్ల మీద వదిలి వస్తే మరచిపోయారనుకొని వెంట పరుగెత్తుకొస్తారు.

మేము దిగింది నరితా విమానాశ్రయంలో. అది టోక్యో నడిబొడ్డుకు అరవై కిలోమీటర్లకు పైగా దూరం. టికెట్టు ధర దాదాపు ఒకటే అయితే ఊరికి దగ్గరగా ఉన్న హనేదా విమానాశ్రయాన్ని ఎంచుకోవడం పెద్దవారికి సుఖం. నరితా నుంచి స్కైలైనర్ రైలు టోక్యోలోని నిప్పోరి స్టేషనుకు నలభై నిమిషాల లోపే చేరుస్తుంది కాబట్టి, మా హోటల్‌ను పక్క స్టేషనైన ఉయేనో దగ్గర తీసుకున్నాం. స్టేషనులో చేసిన మొదటి పని ముగ్గురికీ మూడు సూయికా కార్డులు కొనడం. ఇది మన మెట్రో కార్డు లాంటిదే గానీ, ఒకే కార్డు మెట్రోలో, బస్సులో, వేరే ఊరి లోకల్ రైల్లో, దుకాణంలో కూడా చెల్లుతుంది. పర్యాటకుల కోసం ఉన్న ‘వెల్‌కమ్ సూయికా’కు డిపాజిట్టు లేదు, 28 రోజులు పనిచేస్తుంది, కానీ మిగిలిన సొమ్ము తిరిగి ఇవ్వరు, అందువల్ల కొద్దికొద్దిగానే నింపుకోవాలి. చిప్పుల కొరత వల్ల 2023లో ఆపేసిన మామూలు కార్డుల అమ్మకాన్ని 2025 మార్చిలో మళ్లీ మొదలుపెట్టారు కాబట్టి, పాత సలహాలు చదివి కార్డు దొరకదేమోనని బెంగపడనక్కరలేదు.

స్టేషన్ల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోకాళ్ల నొప్పి ఉన్నవారికి జపాను ప్రయాణంలో సగం అక్కడే తేలిపోతుంది. టోక్యోలోని షింజుకు స్టేషనుకు రెండు వందలకు పైగా ద్వారాలు ఉన్నాయి. లిఫ్టు ప్రతి స్టేషనులోనూ దాదాపు ఉంటుంది గానీ, వీధి దాకా తీసుకెళ్లే లిఫ్టు తరచుగా ఒకటో రెండో ద్వారాల దగ్గరే ఉంటుంది. తప్పు ద్వారం వైపు నడిస్తే ఎదురుగా మెట్లు కనిపిస్తాయి, తిరిగి వెనక్కి నడవాలి. గూగుల్ మ్యాప్స్‌లో దారి అడిగేటప్పుడు వీల్‌చైర్‌కు అనువైన మార్గం అని ఎంచుకుంటే మెట్లు లేని దారినే చూపిస్తుంది. ప్లాట్‌ఫారం అంకె, ద్వారం అంకె కూడా చెబుతుంది. నేను ప్రతి రాత్రీ మరునాటి స్టేషన్ల లిఫ్టు ద్వారాల అంకెలను ఒక కాగితం మీద రాసి పెట్టుకునేదాన్ని. హోటల్‌ను కూడా స్టేషనుకు ఎంత దూరమని కాక, లిఫ్టు ఉన్న ద్వారానికి ఎంత దూరమని చూసి ఎంచుకోవాలి. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా రైళ్లలో నిలబడే చోటు కూడా ఉండదు కాబట్టి ఆ గంటలు దాటాక బయలుదేరడమో, మరీ ముందే వెళ్లిపోవడమో మంచిది. ఎస్కలేటర్ల మీద టోక్యోలో ఎడమ పక్కన, ఒసాకాలో కుడి పక్కన నిలబడతారు. బండిలో ఫోను మాట్లాడరు. అత్తమ్మ అక్కడ గుసగుసగా మాట్లాడడం నేర్చుకున్నారు, ఇంటికి వచ్చాక ఆ విద్య నిలవలేదు.

ఇక తిండి. జపానులో శాకాహారికి ఎదురయ్యే చిక్కు మాంసం కాదు, చేప. వారి వంటకు ప్రాణం దాషీ అనే చారు. అది సాధారణంగా బోనిటో అనే ఎండుచేప తురుముతో కాస్తారు. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపులో, నూడుల్స్ పులుసులో, ఉడికించిన కూరల్లో, పిండిలో ముంచి వేయించే టెంపురాకు ఇచ్చే అద్దుకునే పులుసులో అదే ఉంటుంది. పళ్లెంలో కనిపించేది వంకాయే అయినా అది ఉడికింది చేప నీళ్లలో కావచ్చు. క్యోటోలో ఒక చిన్న హోటల్‌లో ‘వెజిటేరియన్’ అని అడిగితే తలూపి, వేయించిన టోఫూ (సోయా పాల పనీరు) తెచ్చిపెట్టారు. పైన చల్లిన పల్చటి గులాబీ రంగు పొరలు ఆవిరికి మెలికలు తిరుగుతున్నాయి. ‘ఇవేమిటమ్మా, కదులుతున్నాయి’ అన్నారు అత్తమ్మ. అవి ఆ ఎండుచేప పొరలే. ఆ వడ్డించిన అబ్బాయి మనసులో మోసం లేదు. మాంసం వద్దంటే చేప కూడా వద్దన్నట్టని ఆయనకు తట్టలేదు. అందువల్ల ‘శాకాహారం’ అనే ఒక్క మాటను నమ్ముకోకుండా, ‘మాంసం, చేప, గుడ్డు, చేపతో కాచిన దాషీ, ఇవేవీ తినను’ అని జపానీ లిపిలో విడివిడిగా రాసి ఉన్న కార్డును చూపించాలి. ఫోనులోని అనువాద యాప్‌తో రాయించి, ఇక్కడే ముద్రించుకొని వెళ్లవచ్చు.

ప్యాకెట్ల మీద ఎలర్జీ పట్టిక చూసి తేల్చుకుందామంటే అదీ కుదరదు. గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత వంటి కొన్నిటిని తప్పనిసరిగా రాయాలన్న చట్టం ఉంది గానీ, ఆ తప్పనిసరి జాబితాలో చేప లేదు. పదార్థాల పట్టిక మొత్తాన్ని ఫోను కెమెరాతో చదివించుకోవలసిందే.

ఇంత చెప్పాక భయపడనక్కరలేదని కూడా చెప్పాలి, ఎందుకంటే మేము అక్కడ ఒక్క పూట కూడా పస్తు లేము. సూపర్ మార్కెట్లలో, కన్వీనియన్స్ దుకాణాల్లో వండిన అన్నం 200 గ్రాముల ప్లాస్టిక్ గిన్నెల్లో దొరుకుతుంది; మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే పొగలు కక్కుతుంది. అది మన సోనా మసూరిలా పొడిపొడిగా ఉండదు, ముద్దగా ఉంటుంది. పులిహోరకు ఆ అన్నం అంతగా నప్పదు గానీ, పెరుగన్నానికి అంతకన్నా మంచి అన్నం లేదు. చక్కెర కలపని పెరుగు పెద్ద డబ్బాల్లో అన్ని చోట్లా ఉంటుంది. రాత్రి పూట గదిలో కిటికీ పక్కన కూర్చొని, కాగితపు గిన్నెలో ఆ అన్నంలో పెరుగు కలిపి, ఉప్పు వేసి, నిమ్మకాయ ముక్క నంజుకుంటూ, వేయించిన చల్ల మిరపకాయ కొరికినప్పుడు అత్తమ్మ ముఖంలో పగటి అలసట ఉండేది కాదు. ఉదయం ఉప్మా మిశ్రమం, రాత్రి పెరుగన్నం, మధ్యాహ్నం ఒక్కపూట బయట అని లెక్క వేసుకుంటే రోజుకు వెతుక్కోవలసింది ఒక్క భోజనమే.

ఆ ఒక్క భోజనానికి భారతీయ హోటళ్లు చిన్న ఊళ్లలో కూడా ఉన్నాయి. వాటిలో చాలావరకు నేపాలీలు నడుపుతున్నవే, పప్పు, నాన్ దొరుకుతాయి. టోక్యో తూర్పున నిషి-కసాయి అనే పేటలో మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు పాతికేళ్లుగా స్థిరపడ్డాయి, అక్కడ మన సరుకులు అమ్మే దుకాణాలు, భోజన హోటళ్లు ఉన్నాయి. కానీ జపాను వెళ్లి జపాను వంట రుచి చూడలేదనే లోటు లేకుండా చేసింది షోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ మఠాల భోజనం. అందులో మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, దాషీని సముద్రపు పాచితోనూ, పుట్టగొడుగులతోనూ కాస్తారు. క్యోటోలో అరషియామా దగ్గర తెన్ర్యూజి ఆలయ ఆవరణలోని షిగెట్సు అనే భోజనశాలలో మధ్యాహ్నం ఆ భోజనం పెడతారు. తోటలోకి ప్రవేశ రుసుము వేరుగా కట్టాలి. ఇటువంటి చోట్ల నేల మీద కూర్చోబెట్టడం మామూలు కాబట్టి మోకాళ్ల సంగతి ముందే చెప్పి పెట్టుకోవాలి. నువ్వుల టోఫూ అత్తమ్మకు ఎంత నచ్చిందంటే, ఎలా చేస్తారో అడగమని నన్ను పోరుపెట్టారు.

టోక్యో నుంచి క్యోటోకు నొజోమి బుల్లెట్ రైలు రెండుంపావు గంటల్లో చేరుస్తుంది, టికెట్టు సుమారు 14,000 యెన్. ఇక్కడ మేము మొదట సంప్రదించిన ట్రావెల్ ఏజెంటు రైలు పాసు తప్పక కొనాలని పట్టుబట్టాడు. ఏడు రోజుల పాసు ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ నుంచి 50,000కు పెరిగింది. టోక్యో, క్యోటో మధ్య రాకపోకలకు 28,000 సరిపోతున్నప్పుడు పాసు ఎందుకు? దూరపు ఊళ్లు వరుసగా తిరిగేవారికి తప్ప అది గిట్టుబాటు కాదు. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు ‘ఈ’ వరుస కిటికీ సీటు తీసుకుంటే, ఆకాశం తేటగా ఉన్న రోజున ఫుజి కొండ కుడివైపు కనిపిస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే సూట్‌కేసు ఉంటే, ఆ సామాను పెట్టుకునే చోటు ఉన్న సీటును ముందే రిజర్వు చేసుకోవాలి, లేకపోతే రుసుము వసూలు చేస్తారు. మేము ఆ తలనొప్పి లేకుండా, సూట్‌కేసులను హోటల్ కౌంటరులోనే కొరియర్‌కు అప్పగించాం. తక్యూబిన్ అనే ఈ సేవలో మరునాటికి తరువాతి హోటల్‌కు చేరతాయి. మందులు, ఒక జత బట్టలు ఉన్న చిన్న సంచితో మేము చేతులూపుకుంటూ రైలెక్కాం. పెద్దవారితో వెళ్లేవారు ఖర్చు పెట్టవలసింది దీనికి.

క్యోటోలో చూడవలసినవాటిని కూడా మోకాళ్లను బట్టే ఎంచుకున్నాం. కియోమిజు ఆలయానికి ఎత్తయిన వాలు ఎక్కాలి. టాక్సీ వెళ్లగలిగినంత దూరం వెళ్లి, అక్కడి నుంచి ఆగుతూ నడిచాం. ఫుషిమి ఇనారి ఆలయంలో ఎర్రటి ద్వారాల వరుస కొండపైదాకా సాగుతుంది, కింద ఉన్న కొన్నిటితోనే తృప్తి పడ్డాం. నా సలహా అడిగితే, పెద్దవారికి అన్నిటికన్నా హాయి సంజూసాన్‌గెన్‌దో. 120 మీటర్ల పొడవున్న చదునైన ఆలయ మండపం, అందులో 1001 కన్నోన్ (కరుణకు ప్రతీకైన బౌద్ధ దేవత) విగ్రహాలు, వాటి ముందు కాపలా దేవతలు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి, అది మనకు కొత్త కాదు. ఆ దేవతల్లో ఇంద్రుడు, బ్రహ్మ, గరుడుడు ఉన్నారని పక్కనున్న పలకలు చదివి చెప్పగానే అత్తమ్మ ఒక్కొక్కరి ముందూ ఆగి చేతులు జోడించారు, దాంతో అరగంట అనుకున్నది పూట అయింది. నారా అనే ఊళ్లోని తోదైజి ఆలయపు మహా బుద్ధుడికి 752లో కన్నులు తెరిచే ఉత్సవం జరిపినవాడు భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు అన్న సంగతి కూడా ఆవిడకు ముందే చెప్పి తీసుకెళ్లాను. ఎక్కడికి వెళ్తున్నామో నాలుగు మాటలు ముందు చెబితే పెద్దవారు నడకను తక్కువ లెక్కపెడతారు.

చిన్న చిన్న సంగతులు కొన్ని. మరుగుదొడ్లలో నీళ్ల సదుపాయం ఉంటుంది, చెంబు గురించి బెంగ వద్దు. అయితే బొత్తాలు చాలా ఉంటాయి కాబట్టి నీళ్లు ఆపే బొత్తం ఏదో చూసుకున్నాకే మిగతావి నొక్కాలి. కుళాయి నీళ్లు తాగవచ్చు. చేతులు కడుక్కున్నాక తుడుచుకోవడానికి చాలాచోట్ల ఏమీ ఉండదు, చిన్న తువ్వాలు సంచిలో ఉండాలి. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు కనిపించవు, తిన్న పొట్లాల కాగితాలకు ఒక కవరు దగ్గర పెట్టుకొని హోటల్‌కు మోసుకురావాలి. విప్పి తొడుక్కోవడానికి సులువైన బూట్లు వేసుకోవాలి. పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉండాలన్నది అక్కడ చట్టం. అంబులెన్సుకు 119, పోలీసులకు 110. కూడళ్లలో ఉండే కోబాన్ అనే చిన్న పోలీసు గదుల్లో దారి అడిగినా విసుక్కోకుండా చెబుతారు. ఆస్పత్రుల్లో విదేశీయులను ముందే డబ్బు కట్టమని అడగవచ్చు కాబట్టి, వైద్య ఖర్చులు బాగా కవరయ్యే ప్రయాణ బీమా పెద్దవారికి తప్పనిసరి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు వంటివాటికి వర్తిస్తుందా అని పాలసీలో చదివి మరీ తీసుకోవాలి. అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగిపోతాయి, మళ్లీ అయిదింటికే మొదలవుతాయి. తెల్లవారుజామున విమానం ఉంటే ముందు రాత్రి విమానాశ్రయం దగ్గరే బస చేయాలి.

తిరిగి వచ్చేముందు రోజు సంచిలో చిల్లర నాణేల బరువు తెలుస్తుంది. 500 యెన్ నాణెం మన లెక్కలో చిన్న సొమ్మేమీ కాదు, కానీ ఇక్కడి మనీ చేంజర్లు నోట్లు తప్ప నాణేలు తీసుకోరు. కన్వీనియన్స్ దుకాణంలో కొన్న సరుకుల ధరలో కొంత నాణేలతో, మిగతాది సూయికాలో మిగిలిన సొమ్ముతో కట్టవచ్చు. కౌంటరులో అలా అడిగితే చేసిపెడతారు. మేము ఆ విధంగా నువ్వుల పొడి, గ్రీన్ టీ కొని కార్డులను సున్నాకు తెచ్చాం. ఫారెక్స్ కార్డులో మిగిలినదాన్ని హైదరాబాదు వచ్చాక వెనక్కి తీసుకోవచ్చు, అందుకు పాస్‌పోర్టు నకలు, కార్డు కొన్నప్పటి రసీదు అడుగుతారు కాబట్టి ఆ కాగితాలను పారేయకండి.